అద్దె కొట్ల కరెంటు పొదుపు గురించి ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా రాష్ట్ర ఇంధన శాఖ మంత్రి గారికి,

బరంపురం నుంచి ఒక బట్టల వ్యాపారి నమస్కరించి రాస్తున్న లేఖ. ఒడియా ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. మా వీధిలోని తెలుగు వర్తకులు కూడా చదవాలని దీన్ని తెలుగులో రాస్తున్నాను.

నా అద్దె కొట్టులో పది పాత సీలింగు ఫ్యాన్లున్నాయి. ఒక్కొక్కటి సుమారు 75 వాట్లు లాగుతుంది. అదే గాలిని, తక్కువ కరెంటు లాగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లతో ఇస్తుంది. రోజుకు పది గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే పది ఫ్యాన్ల మీద 1,350 యూనిట్లు మిగులుతాయి. ఈ లెక్క తెలిసి కూడా నేను మార్చలేదు, ఎందుకంటే చేతిలో ముప్పై వేలు ఉంటే పెళ్లిళ్ల ముందు మేం సరుకే తెస్తాం. ఫ్యాన్లయితే ఖాళీ చేసేటప్పుడు విప్పుకుపోవచ్చు. కొత్త వైరింగును, స్లాబు మీద వేడిని తిప్పికొట్టే తెల్ల పూతను మోసుకుపోలేం. బిల్లు కట్టేది మేం కాబట్టి యజమాని వాటి జోలికి రాడు, కట్టడం తనది కాబట్టి మేం చెయ్యి పెట్టం.

ప్రభుత్వ పథకాలు ఈ ముడి దాకా రాలేదు. ఇంధన పొదుపు చట్టం కింది భవన నియమావళి 100 కిలోవాట్ల లోడున్న కొత్త కట్టడాలతో మొదలవుతుంది. కప్పు మీద సౌర పలకలు పెట్టుకోవడానికి 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ రాయితీ ఇళ్లకే.

అందువల్ల నా విన్నపం ఇది. పరికరాల ఖర్చును ముందుగా విద్యుత్ పంపిణీ సంస్థ పెట్టి, ఆదా అయ్యే మొత్తం కన్నా తక్కువ వాయిదాను ప్రతి నెలా బిల్లులో వసూలు చేసుకోవాలి. ఆ బాకీ మనిషి పేరు మీద కాక మీటరు మీద ఉండాలి; నేను కొట్టు ఖాళీ చేస్తే తర్వాత వచ్చినవాడు కడతాడు, చల్లదనమూ అతనిదే అవుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉజాలా పథకం కింద చౌకగా ఇచ్చిన ఎల్‌ఈడీ బల్బుల ధరను బిల్లులో వాయిదాలుగా కట్టే వెసులుబాటు కొన్నిచోట్ల ఉండేది కాబట్టి ఇది కొత్త పద్ధతేమీ కాదు.

లైట్ల విషయంలో ఒక్క జాగ్రత్త. ఒకసారి చౌకరకం ఎల్‌ఈడీ ట్యూబులు వేశాను. బిల్లుతో పాటు బేరాలూ తగ్గాయి: ఆ వెలుతురులో వంకాయరంగు పట్టు నల్లగా కనబడేది, ఆడవాళ్లు చీర పట్టుకుని మెట్ల మీదికి, ఎండలోకి నడిచేవారు. రాయితీకి వాట్లు ఒక్కటే చూడక, రంగును ఉన్నదున్నట్టు చూపే లైట్లనే ఎంపిక చేయించండి.

ముందు బరంపురంలో ఒక్క బజారులో మొదలుపెట్టి, వచ్చే ఎండాకాలం బిల్లులను నిరుటివాటితో పోల్చి చూడమని కోరుతున్నాను. నా మీటరుతోనే మొదలుపెట్టినా అభ్యంతరం లేదు.

ఇట్లు,
బరంపురం, గంజాం జిల్లా నుంచి
ఒక అద్దె కొట్టు వర్తకుడు