వెదురు పలకలు వెనక్కి తీసుకుంటున్నాను

ఈ జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరులోని మన కొట్లో వెదురు ఫ్లోరింగ్ కొన్న పదకొండు ఇళ్లవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మిగతావాళ్లూ చదవండి. కొట్లోకి వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా ఆ సరుకును నేనే తెగ పొగిడాను కదా.

ఆ లాట్‌లో వాడిన జిగురు మంచిది కాదు. పలకలు వెనక్కి తీసుకుంటాను.

మే నెలలో కొరిటెపాడు నుంచి ఒక అమ్మగారు ఫోన్ చేశారు. నాన్న హయాం నుంచి మన దగ్గరే కొనే ఇల్లు. "ఏసీ గదిలో పడుకుంటే పిల్లాడికి కళ్లు మండుతున్నాయి బాబూ, మధ్యాహ్నం తలుపు తీస్తే గుప్పున కొడుతోంది" అన్నారు. కొత్త పెయింట్ వాసనేమోనండీ అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో పుట్టి పెరిగిన మనిషికి ఏ ఘాటు ఏదో నేను చెప్పాలా!

మర్నాడు గోడౌన్లోంచి ఒక పలక తెచ్చి, జానెడు ముక్క కోయించి, గాజు సీసాలో వేసి మూత బిగించి కొట్టు ముందు ఎండలో పెట్టాను. మూడింటికి మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పక్కన టీకొట్టు కుర్రాడికి ఏమీ చెప్పకుండా సీసా ఇచ్చాను. "కొత్త ప్లైవుడ్ బీరువా వాసనన్నా" అన్నాడు. ఇదేమీ ల్యాబ్ పరీక్ష కాదు. నాకు మాత్రం అది చాలింది.

ఇందులో వెదురు తప్పేమీ లేదు. అది గడ్డి జాతి. మూడు నుంచి ఐదేళ్లలో కోతకొస్తుంది, నరికితే దుబ్బు నుంచి మళ్లీ లేస్తుంది. అది చూసే నేనూ మోజుపడ్డాను. కానీ బొంగు గుండ్రంగా, లోపల బోలుగా ఉంటుంది. పలక కావాలంటే దాన్ని చీల్చి, బద్దల్ని జిగురుతో అతికించి ప్రెస్‌లో నొక్కాలి. ఆ జిగురు చవక రకం యూరియా ఫార్మాల్డిహైడ్ అయితే, వేడీ ఉక్కా పెరిగేకొద్దీ ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువును గాల్లోకి ఎక్కువగా వదులుతుంది. గుంటూరు మే నెల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. మిమ్మల్ని టెన్షన్ పెట్టాలని కాదు, గాలి ఆడేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది. కానీ దాచిపెట్టి అమ్మే విషయం కూడా కాదు.

నేను ఆర్డరు పెట్టింది ఈ-1 రకం. అంటే పరీక్షలో ఫార్మాల్డిహైడ్ ఘనపు మీటరు గాలికి 0.124 మిల్లీగ్రాములు దాటకూడదు. రిపోర్టు పంపమని సప్లయర్‌ని అడిగితే వారం రోజులు నీళ్లు నమిలాడు. చివరికి వచ్చిన కాగితం మీద ఉన్నది టేకు రంగు లామినేట్ అనే వేరే సరుకు పేరు, తేదీ మన లాట్ కంటే రెండేళ్ల ముందుది. అదే అడిగాను. "మీ ఊళ్లో వాసన ఎవరు పట్టించుకుంటారు సార్" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. డబ్బు పోయినా ఇంత బాధపడేవాణ్ని కాదు. సరుకు వెనక్కి తీసుకోనన్నాడు, తీసుకోకపోతే పోనీ. ఆ మాట అన్నవాడి దగ్గర మేకు కూడా కొనను.

గోడౌన్లో ఇంకా నలభై ఆరు పెట్టెలున్నాయి. నిద్ర పట్టనివ్వంది అవే. "తలుపులెప్పుడూ తీసుండే షాపులకు సగం ధరకు తోసెయ్ బావా" అన్నాడు మా బావమరిది. తప్పేముంది అనిపించింది కూడా. ఆ వారమే అరండల్‌పేటలో బట్టల షాపు పెడుతున్న ఒకాయన వచ్చి చవకలో చెక్క లుక్ కావాలన్నాడు. పెట్టె దించి, టేపు కోసి, పలక ఆయన చేతిలో పెట్టాను. తిప్పి చూసి బావుందన్నాడు. "రోజూ ఇక్కడ ఎవరు కూర్చుంటారండీ" అని అడిగితే, మా అమ్మాయి అన్నాడు. పలక తీసుకుని మళ్లీ పెట్టెలో పెట్టేశాను. ఎందుకో ఆయనకు చెప్పలేదు, సరుకు బుక్ అయిపోయిందన్నాను. అదొక అబద్ధం, ఒప్పుకుంటున్నాను.

పదకొండు ఇళ్లలో తొమ్మిది ఇళ్లవాళ్లకు ఫోన్ చేశాను, రెండు నంబర్లు కలవడం లేదు. పలకలు తీయించే కూలి నాది. డబ్బు కావాలంటే సరుకు ఖరీదు మొత్తం ఇస్తాను, అయితే రెండు విడతల్లో. ఒకేసారి ఇచ్చే స్తోమత లేదు. బదులుగా మాచర్ల నాపరాళ్లు కావాలంటే పరిచి, పాలిష్ పట్టించి ఇస్తాను. అప్పటిదాకా పగలు కిటికీలు తీసి ఉంచండి, పిల్లల్ని వేరే గదిలో పడుకోబెట్టండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నన్ను మోసగాడన్న పెద్దమనిషికి కూడా ఇవే షరతులు. ఒక్క తేడా, ఆయనది మొదటి విడతలోనే ఇస్తాను, ఇంకోసారి మాట పడే ఓపిక లేదు.

ఇకమీదట మన కొట్లో ప్రధాన సరుకు పల్నాడు నాపరాయే. దాన్నీ నెత్తిన పెట్టుకోను, క్వారీ అంటే భూమికి గొయ్యే. కానీ విట్రిఫైడ్ టైల్‌లా 1,200 డిగ్రీల్లో కాల్చే పని లేదు, జిగురు లేదు, పక్క జిల్లా నుంచి వస్తుంది, పాతబడితే మళ్లీ పాలిష్ పట్టొచ్చు. ఒక్క ఇబ్బంది, సున్నపురాయి కాబట్టి పులుపు పడదు. చింతపండు పులుసో నిమ్మరసమో ఒలికితే వెంటనే తుడవాలి, బాత్‌రూమ్ యాసిడ్ దాని మీద పొయ్యకూడదు. చెక్కలా కనిపించే వినైల్ కావాలంటే తెప్పిస్తాను, అది పీవీసీ ప్లాస్టిక్ అని చెప్పే అమ్ముతాను. రెడ్ ఆక్సైడ్ గచ్చుకు మేస్త్రీ డేట్లు దొరకడం లేదు, అడగొద్దు.

బోర్డు మీద 'గ్రీన్' అన్న మాట చెరిపించేశాను. మూడేళ్ల కింద అది రాయిస్తుంటే "రాళ్లమ్ముకునేవాడికి ఆకుపచ్చ బోర్డెందుకురా" అన్నారు నాన్న. ఇప్పుడు చూసి ఏమీ అనలేదు, అదింకా కష్టంగా ఉంది.

బిల్లు పోయినా ఫర్వాలేదు, మిగిలిన పలక ముక్క ఉంటే తీసుకురండి, వెనక లాట్ నంబరు ఉంటుంది. ఆదివారం కొట్టు తెరవను. ఈ పని మీద వచ్చేవాళ్లు మాత్రం పక్క మెట్లెక్కి తలుపు తట్టండి, ఇల్లు పైనే.