కొట్టు ఇంకా ఎందుకు తెరవలేదంటే

ఆషాఢం వెళ్లేలోపే మా చీరల కొట్టుని కొత్తగా మార్చి చూపిస్తానని మీకు మాటిచ్చాను. శ్రావణం మొదటి శుక్రవారానికి గానీ అయ్యేట్టు లేదు. వన్‌టౌన్‌లో మూసి ఉన్న షట్టర్ చూసి "వ్యాపారం మానేశారా?" అని ఫోన్లు చేస్తున్నారు. మానలేదండీ. వచ్చిన లైట్లన్నీ వెనక్కి పంపేశాం, అదీ సంగతి.

చీరల కొట్టుకి లైటంటే గోడకి సున్నం లాంటిది కాదు. కుంకుమ ఎరుపు, వంకాయ రంగు, నెమలికంఠం దీపాన్ని బట్టి మారిపోతాయి. నెమలికంఠం మరీను, పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, కలనేత కదా! ఎల్‌ఈడీ దీపం రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో సీఆర్‌ఐ అనే అంకెతో చెబుతారు. 100కి ఎంత దగ్గరుంటే అంత మంచిది. బజార్లో మామూలుగా దొరికేవి 80 దగ్గరుంటాయి. ఇంట్లోకి చాలు. పైగా ఆ అంకె ఎనిమిది మెత్తని రంగుల సగటే, ముదురు ఎరుపు అందులో లెక్కకే రాదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంది. సీఆర్‌ఐ 80 ఉన్న దీపానికి ఆర్9 సున్నా దరిదాపుల్లో ఉన్నా ఉండొచ్చు. పెళ్లి చీరలు అమ్మే చోట ఎరుపే సరిగా కనపడకపోతే ఇంకేం చూపించను?

అందుకే ఆర్డరు కాగితం మీద నా చేత్తో రాసిచ్చాను: సీఆర్‌ఐ 90 పైన, ఆర్9 50 పైన, వెలుగు రంగు 4000 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ తెలుపు నీలం వైపుకి పోతుంది). డీలరు తలూపి సగం అడ్వాన్సు పట్టుకెళ్లాడు. తీరా పెట్టెలు విప్పితే వాటి మీద సీఆర్‌ఐ 80, 6500 కెల్విన్ అని అచ్చేసి ఉంది. ఒక వరస బిగించి చూశాం. కుంకుమ రంగు మంగళగిరి పట్టు ఇటుక రంగుకి దిగింది, బంగారు జరీ పాలిపోయింది. ఫోన్ చేస్తే "తెల్లగా ధగధగలాడుతుంటే జనం వాళ్లే వస్తారండీ, ఇవన్నీ ఎవరు చూస్తారు?" అన్నాడు. ఎవరు చూస్తారా! అంచు తిరగేసి వెనక పోగులు చూసి గానీ ధర అడగని వాళ్లకి మేం మా నాన్న కాలం నుంచీ చీరలమ్ముతున్నాం. ఆ మాట ఇప్పటికీ అరగడం లేదు నాకు.

రేటు తగ్గిస్తాను, సర్దుకోమన్నాడు. మా తమ్ముడూ అదే పాట: శ్రావణం బేరం పోతుంది, ఈ సీజనుకి కానిచ్చి తర్వాత మార్చుకుందామని. వాడు చెప్పిన లెక్క తప్పు కాదు. నేనే ఒప్పుకోలేదు. ఇక్కడ ఒక రంగు చూసి కొన్న చీర మీ ఇంటి వసారాలో ఇంకో రంగులో కనపడితే, మీరు తిట్టేది డీలర్ని కాదు. అడ్వాన్సు ఇంకా అతని దగ్గరే ఉంది, వసూలు చేసుకుంటాను. వేరే చోట నుంచి తెప్పించిన దీపం కింద అదే మంగళగిరి పట్టు పరిచి, పగటి వెలుతుర్లోకి తీసుకెళ్లి పోల్చుకున్నాకే మిగతావి పంపమన్నాం.

ఇక మిగతా మార్పులు. పరుపు తీసేసి గాజు కౌంటర్లు పెట్టమని డిజైనర్ పట్టుబట్టాడు. పరుపు ఉంటుంది. చీర కొంగు దాకా పరిచి చూపించాలంటే కౌంటరు చాలదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి పక్కనే బెంచీలు వేయించాం. నడిచే దారి వెడల్పు చేశాం, వెనక నుంచి ఎవరో ఒకరు తగులుతుంటే ఏ ఆడమనిషైనా చీర చూడ్డం ఆపి లేచిపోతుంది. ముందువైపు నిలువెత్తు గాజు గోడ మాత్రం వద్దన్నాను. మాది పడమటి ముఖం, మధ్యాహ్నం ఎండకి బొమ్మ మీద కట్టిన పట్టుచీర వెలిసిపోతుంది. "కాలం మారింది సార్" అన్నాడు డిజైనర్. ఎండ మారలేదుగా!

ఫాల్, పికోకి ఇచ్చిన చీరలు మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి, ఫోన్ చేసి వస్తే ఇచ్చేస్తాం. మీరు కట్టిన అడ్వాన్సులు అలాగే ఉంటాయి. ఈ ఖర్చు చీరల మీద వేయం. గుమ్మం దగ్గర ఉండే ఆఫర్ల స్టాండు తీసేయించాను. మా లైట్ల మీద నమ్మకం కుదరకపోతే చీర పట్టుకుని ఆ గుమ్మం దాకా వెళ్లి పగటి వెలుతుర్లో చూసుకోండి, ఎవరూ అడ్డురారు.