స్కోరుతో పాటు ఆడిందెవరో కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఉత్తర అమెరికా ఐస్ హాకీలో అగ్రశ్రేణి లీగైన ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బుల కుర్ర జట్లు సీజన్‌కు ముందు సెప్టెంబరులో ఆడే ప్రాస్పెక్ట్స్ టోర్నమెంటు గురించి మీ క్రీడా పుటలో వచ్చిన వార్త చదివాను. ఐస్ హాకీకి తెలుగు పత్రికల్లో నాలుగు వాక్యాల చోటు దొరకడమే గొప్ప కాబట్టి ముందుగా మీకు ధన్యవాదాలు చెప్పుకోవాలి. అయితే ఆ వార్త మూడు స్కోర్లు ఇచ్చి, గెలిచిన క్లబ్బు భవిష్యత్తుకు ఢోకా లేదని తేల్చేసింది. ఆ జట్టులో ఎవరెవరు ఆడారో, వాళ్ళ వయసెంతో, క్లబ్బుతో వాళ్ళకున్న సంబంధం ఏమిటో చెప్పకుండా అంత మాట అనడానికి వీల్లేదన్నది నా అభ్యంతరం. ఇందులో తప్పు పూర్తిగా మీది కాదు. ఈ టోర్నమెంట్లు నిర్వహించే క్లబ్బులే ఆ వివరాలను అరకొరగా ఇస్తున్నాయి.

ఈ టోర్నమెంట్లను లీగ్ నడపదు. మిషిగన్‌లోని ట్రావర్స్ సిటీలో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ 1990ల చివరి నుంచి ఏళ్ళ తరబడి నడిపినదైనా, బ్రిటిష్ కొలంబియాలోని పెంటిక్టన్‌లో వాంకూవర్ కనక్స్ 2010లో మొదలుపెట్టినదైనా, బఫలో సేబర్స్ 2015లో సొంత ఊళ్ళో ప్రారంభించినదైనా, ఆతిథ్యమిచ్చే క్లబ్బు మరికొన్ని క్లబ్బులను పిలిచి, తేదీలూ నిబంధనలూ తమలో తాము మాట్లాడుకొని ఆడించేవే. అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య నిర్వహించే ప్రపంచ జూనియర్ పోటీల పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 2026 పోటీల్లో ఆడాలంటే 2006లో గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. జట్టుకు 22 మంది స్కేటర్లు, గోల్ కాపలా కాసే గోలీలు ముగ్గురు. ఇక వాదనకు తావు లేదు. క్లబ్బుల టోర్నమెంట్లన్నిటికీ ఉమ్మడిగా వర్తించే అటువంటి గీత ఒక్కటీ లేదు.

ఏదైనా ఒక జట్టు జాబితాను ముందు పెట్టుకొని పేరు పేరునా చదివితే విషయం బోధపడుతుంది. క్లబ్బులు కుర్ర ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే జూన్ డ్రాఫ్టులో ఎంపికై మూడు నెలలు కూడా కాని పద్దెనిమిదేళ్ళ ఫార్వర్డ్ ఒకడు ఉంటాడు. అతని కిందే, రెండేళ్ళ కిందట డ్రాఫ్టయి కుర్రాళ్ళు ఆడే కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఇంకా ఆడుతున్న ఇరవై ఏళ్ళవాడు ఉంటాడు. మరో రెండు పేర్లు దిగితే, కొత్త ఆటగాడికిచ్చే ఎంట్రీ లెవెల్ కాంట్రాక్టు మీద, ఎన్‌హెచ్‌ఎల్‌కు ఒక మెట్టు కింది లీగైన ఏహెచ్‌ఎల్‌లో ఒక పూర్తి సీజన్ ఆడి, ముప్పై ఏళ్ళ ప్రొఫెషనల్స్ చేతిలో దెబ్బలు తిని రాటుదేలిన ఇరవై రెండేళ్ళ డిఫెన్స్ ఆటగాడు కనిపిస్తాడు. చివరన, ఏ క్లబ్బూ డ్రాఫ్టు చేయని, కాంట్రాక్టు లేని, కేవలం ట్రైఅవుట్ మీద, అంటే ఆట చూసి నిర్ణయించుకోవడానికి పిలిపించిన నలుగురైదుగురు. ఇంతమందికీ చాలా జాబితాల్లో ఇచ్చేవి ఒకే రకం వివరాలు: జెర్సీ నంబరు, స్థానం, ఎత్తు, బరువు, పుట్టిన తేదీ, నిరుడు ఆడిన జట్టు. ఎవరు క్లబ్బు సొత్తో, ఎవరు వారం రోజుల అతిథో వాటిని చూసి పోల్చుకోవడం కొత్త పాఠకుడి వల్ల కాదు.

గోలీల విషయంలో ఈ తికమక మరీ ఎక్కువ. ఒక క్లబ్బు చేతిలో కుర్ర గోలీలు పట్టుమని నలుగురుంటే ఎక్కువ. వాళ్ళలో ఒకడు కాలేజీలోనూ ఇంకొకడు యూరప్‌లోనూ ఉండిపోతే, రోజు విడిచి రోజైనా కాకుండా వచ్చిపడే మ్యాచుల కోసం ట్రైఅవుట్ గోలీని తెచ్చుకోక తప్పదు. అతను ఆరు గోల్స్ ఇచ్చిన మ్యాచ్ స్కోరు మీరు అచ్చువేస్తారు, ఆ క్లబ్బుకు గోలీల కొరత ఉందని మేము అనుకుంటాం. ఆ వార్త మా చేతికి వచ్చేసరికి అతను అక్కడి నుంచి సామాను సర్దుకొని వెళ్ళిపోయి ఉండవచ్చు.

రాతపూర్వకమైన నియమం ఉన్నచోట ఇదే హాకీ ప్రపంచం ఒక్క రోజును కూడా వదలదు. డ్రాఫ్టుకు అర్హత రావాలంటే ఆ ఏడాది సెప్టెంబరు 15 నాటికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. 1985 సెప్టెంబరు 17న పుట్టిన అలెగ్జాండర్ ఒవెచ్కిన్ రెండు రోజుల తేడాతో 2003 డ్రాఫ్టుకు దూరమయ్యాడు. మధ్యలో వచ్చిన లీపు సంవత్సరాల అదనపు రోజులను కూడా లెక్కగడితే అతనికి పద్దెనిమిదేళ్ళు నిండినట్టేనని వాదిస్తూ ఫ్లోరిడా పాంథర్స్ అతన్ని ఎంచుకోబోతే లీగ్ ఒప్పుకోలేదు. వాదన తెలివైనదే, క్యాలెండరు మాత్రం కరగలేదు. మరుసటి ఏడాది వాషింగ్టన్ క్యాపిటల్స్ అతన్ని మొట్టమొదటి ఎంపికగా తీసుకుంది. 1997లో అదే తేదీన పుట్టిన ఆస్టన్ మాథ్యూస్ కూడా 2015 డ్రాఫ్టుకు అందక, ఒక సీజన్ స్విట్జర్లాండ్‌లో ఆడి, 2016లో మొదటి ఎంపిక అయ్యాడు. రెండు రోజుల తేడాకు మనిషిని ఏడాది ఆపే చోటనే, నాలుగైదేళ్ళ తేడా ఉన్నవాళ్ళను ఒకే మంచు మీద దింపి, ఆ తేడాను ఎవరికీ విడమరిచి చెప్పకపోవడం నాకు వింతగా తోస్తుంది.

కొత్త ఆటగాడిగా ఎవరిని లెక్కించాలన్న తగవు కొత్తదేమీ కాదు. వేన్ గ్రెట్జ్‌కీ 1979-80లో ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టి 137 పాయింట్లు సాధించినా, అంతకుముందు ప్రత్యర్థి లీగైన డబ్ల్యూహెచ్‌ఏలో ఆడాడన్న కారణంతో అతన్ని రూకీగా, అంటే కొత్త ఆటగాడిగా గుర్తించలేదు. మేటి రూకీకిచ్చే కాల్డర్ ట్రోఫీ రే బోర్క్‌కు వెళ్ళింది. పదేళ్ళ తర్వాత, సోవియట్ లీగ్‌లో ఎన్నో సీజన్లు ఆడి వచ్చిన సెర్గీ మకరోవ్‌కు 31 ఏళ్ళ వయసులో అదే ట్రోఫీ దక్కడంతో దుమారం రేగింది. ఆ దుమారం తర్వాతే నియమం బిగించారు: సెప్టెంబరు 15 నాటికి 26 ఏళ్ళు నిండి ఉండకూడదు, గడిచిన ఏ ఒక్క సీజన్‌లోనూ 25కు మించి మ్యాచులు గానీ, ఏ రెండు సీజన్లలోనైనా ఆరేసి లేదా అంతకు మించి మ్యాచులు గానీ పెద్ద ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడి ఉండకూడదు. అది ఒక బహుమతి కోసం రాసుకున్న నియమం. దాన్నే తెచ్చి ప్రాస్పెక్ట్స్ టోర్నమెంటుకు కొలబద్దగా పెడితే సరిపోదు. ఎందుకంటే ఆ లెక్కలో ఏహెచ్‌ఎల్ మ్యాచులు రావు, కాబట్టి అక్కడ మూడు సీజన్లు ఆడిన ఇరవై అయిదేళ్ళవాడు కూడా పద్దెనిమిదేళ్ళ కుర్రాడితో సమానంగా రూకీయే అవుతాడు.

ఇక జాబితాలో కనిపించనివాళ్ళ సంగతి. క్లబ్బు డ్రాఫ్టు చేసి హక్కులు అట్టిపెట్టుకున్న కుర్రాళ్ళలో అమెరికా కాలేజీల్లో చదువుకుంటూ ఆడేవాళ్ళు జూలై శిబిరాలకు వస్తారు గానీ, తరగతులు మొదలయ్యాక సెప్టెంబరు టోర్నమెంటుకు రాలేరు. ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టు మీద సంతకం చేస్తే కాలేజీ హాకీకి అర్హతే పోతుంది. స్వీడన్, ఫిన్లాండ్ లీగులు సరిగ్గా ఆ రోజుల్లోనే మొదలవుతాయి కాబట్టి అక్కడివాళ్ళలోనూ చాలామంది రారు. ఇంతకాలం ఈ లోటును కెనడా మేజర్ జూనియర్ ఆటగాళ్ళు పూడ్చేవారు. మేజర్ జూనియర్‌లో ఆడినవాళ్ళను ప్రొఫెషనల్స్‌గా జమకట్టి దూరం పెడుతూ వచ్చిన అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ, 2024 నవంబరులో ఆ నిషేధాన్ని తీసేసింది. 2025 ఆగస్టు నుంచి వాళ్ళకు కూడా కాలేజీ హాకీ తలుపులు తెరుచుకున్నాయి. పంతొమ్మిదేళ్ళకు జూనియర్ వదిలి కాలేజీకి వెళ్ళే ప్రతి డ్రాఫ్టు ఆటగాడూ సెప్టెంబరు జాబితాలో ఒక ఖాళీ వదిలి వెళ్తాడు. ఆ ఖాళీని ఏహెచ్‌ఎల్ అనుభవజ్ఞుడితోనో ట్రైఅవుట్ ఆటగాడితోనో నింపాలి. అంటే రానురాను ఈ జట్లు క్లబ్బు భవిష్యత్తుకు అద్దం పట్టడం తగ్గి, ఆ వారం ఎవరు దొరికారన్నదానికే అద్దం పడతాయి. అర్హత నియమం ఇప్పుడే రాసుకోవాలని నేను అనడానికి కారణం ఇదే.

నమూనా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఏహెచ్‌ఎల్‌లో మ్యాచ్‌కు దిగే 18 మంది స్కేటర్లలో కనీసం 13 మంది ఎదుగుతున్న దశలోని ఆటగాళ్ళై ఉండాలన్న నియమం ఉంది. వాళ్ళలో 12 మంది 260కి మించి ప్రొఫెషనల్ మ్యాచులు ఆడి ఉండకూడదు, ఒకరికి మాత్రం 320 వరకు వెసులుబాటు. వయసు మీద కాకుండా ఆడిన మ్యాచుల మీద గీత గీయడం అందులోని తెలివి. ప్రాస్పెక్ట్స్ టోర్నమెంట్లకు కూడా అదే పద్ధతిలో, ఏహెచ్‌ఎల్‌లో ఒక పూర్తి సీజనుకు సరిపడా మ్యాచులు ఆడినవాళ్ళు ఒక మ్యాచ్‌కు ఆరుగురికి మించకూడదని పెట్టుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం. ఆరు కాక అయిదంటే నాకు పట్టింపు లేదు. అంకె అన్ని క్లబ్బులకూ ఒకటే కావాలి, టోర్నమెంటు మొదలుకాక ముందే ప్రకటించాలి. గాయాలైతే మార్పులకు వీలుండాలి, అది వేరే చెప్పనక్కర్లేదు.

ఇవి గెలుపోటముల కోసం ఆడేవి కావు, కుర్రాళ్ళను పరిశీలించడానికే కదా, ఇన్ని నియమాలు ఎందుకని క్లబ్బుల వాళ్ళు అనవచ్చు. అలాగైతే కప్పు ఇవ్వకూడదు, పట్టికలు ప్రచురించకూడదు. ట్రావర్స్ సిటీ విజేతకు ఇస్తూ వచ్చిన కప్పు, ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళ కాంట్రాక్టు వివరాలను సామాన్య అభిమానులకు అందించిన క్యాప్‌గీక్ వెబ్‌సైటు స్థాపకుడు, 2015లో కన్నుమూసిన మాథ్యూ వూస్ట్ పేరు మీద ఉంది. ఆ పేరున్న కప్పు కోసం ఆడిన జట్ల జాబితాలో కాంట్రాక్టు ఎవరికి ఉందో లేదో వెతుక్కోవలసి రావడం బాగాలేదు.

ఈ మ్యాచుల్లో చూడవలసింది ఏమీ లేదని నేను అనడం లేదు. 2023 సెప్టెంబరులో కానర్ బెడార్డ్ చికాగో బ్లాక్‌హాక్స్ జెర్సీతో సెయింట్ లూయిస్ కుర్ర జట్టు మీద హ్యాట్రిక్ కొట్టాడు, ఆ సీజన్ ముగిసేసరికి కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు. అదే సీజన్‌లో చికాగో 82 మ్యాచుల్లో గెలిచింది 23 మాత్రమే. ఆ సెప్టెంబరు స్కోరు ఒక ఆటగాడి గురించి నిజమే చెప్పింది, జట్టు గురించి ఏమీ చెప్పలేదు.

మీకు నా విన్నపం చిన్నదే. ఇకముందు ఈ ఫలితాలు వేసేటప్పుడు గోల్ కొట్టిన ప్రతి ఆటగాడి పేరు పక్కన వయసును, కాంట్రాక్టు మీద ఉన్నాడా, డ్రాఫ్టయి సంతకం చేయలేదా, ట్రైఅవుట్ మీద వచ్చాడా అన్న ఒక్క ముక్కను చేర్చండి. ఏ క్లబ్బూ డ్రాఫ్టు చేయని మార్క్ జియోర్డానో 2004లో కాల్గరీ ఫ్లేమ్స్ వేసవి శిబిరానికి పిలుపు మీద వెళ్ళినవాడే. తర్వాత ఆ జట్టుకే కెప్టెన్ అయి, 2019లో మేటి డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ అందుకున్నాడు. పిల్లలను ఈ ఆటలో పెట్టిన తెలుగు తల్లిదండ్రులు మీ పాఠకుల్లో ఉన్నారు; డ్రాఫ్టు తప్పినవాడికి ఇంకా ఏ దారి మిగిలి ఉందో వాళ్ళకు ఆ ఒక్క ముక్క వల్ల తెలుస్తుంది. క్లబ్బు ఇచ్చిన జాబితాలో ఆ వివరం లేకపోతే, లేదనే రాయండి.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు