గోడ మీది బొమ్మ గోడు: ఫీనిక్స్ మేయర్ గారికి బహిరంగ లేఖ

ఫీనిక్స్ నగర మేయర్ గారికి,

నమస్కారం. నేను అరిజోనాలో మీ పొరుగునే ఉన్న ఛాండ్లర్ ఊళ్లో ఉంటున్న తెలుగువాణ్ణి. మావాళ్లు డౌన్‌టౌన్ ఫీనిక్స్‌కు వచ్చేది బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కో, కోర్టు పనికో. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే సెడోనా, గ్రాండ్ క్యానియన్ తిప్పుతాం గానీ ఊళ్లోకి తీసుకురాం. ఎడారిలో ఎండ తప్ప ఏముంది చూడ్డానికి అనుకుంటాం. చాలానే ఉందని మావాళ్లకు చెప్పడానికి, మిమ్మల్ని ఒకటి అడగడానికి ఈ ఉత్తరం. ఇంగ్లిష్ ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

సివిక్ స్పేస్ పార్కులో 2009 నుంచి ఒక వల గాల్లో వేలాడుతోంది. జానెట్ ఎకెల్‌మన్ చేసిన శిల్పం, 145 అడుగుల ఎత్తు. సవారో జెముడు పువ్వునూ ఇక్కడి వానాకాలపు మబ్బుల్నీ చూసి కట్టిన రూపమట. మా అమ్మకు అవేవీ తెలియవు. టెంపీలో కారు పెట్టి, రైలెక్కించి తీసుకొచ్చి దాని కింద నిలబెడితే, తలెత్తి చూసి, "వల ఆరేసినట్టుంది కదరా" అంది. నెల్లూరు తీరంలో పుట్టిన మనిషి మరి. నిజానికి ఎకెల్‌మన్‌కు ఈ వలల ఆలోచన పుట్టింది 1997లో, మహాబలిపురంలో. బొమ్మలు వేద్దామని వెళ్తే ఆమె రంగుల పెట్టె చేరలేదు. ఒడ్డున జాలర్లు కుప్ప పోసిన వలలు కంటబడ్డాయి.

ఆ వలకు దిక్కుంది. నిర్మాణ పనుల బడ్జెట్లో ఒక శాతం దాకా కళకు ఇవ్వాలని 1986లోనే మీ నగరం నియమం పెట్టుకుంది. రేపు వల చిరిగితే ఎవరిని అడగాలో నాకు తెలుసు, మిమ్మల్నే.

గోడ బొమ్మల సంగతి వేరు. కళాకారుల పేట రూజ్‌వెల్ట్ రో సందుల్లో, పదహారో వీధిలో ఉన్నవి చాలావరకు సొంతదారుల గోడలు. పదహారో వీధి బొమ్మలు 2010లో, వలసదారుల మీద అరిజోనా తెచ్చిన 1070 చట్టం గొడవ రేగిన రోజుల్లో మొదలయ్యాయి. వలస వచ్చినవాళ్లను కాగితాలు చూపమంటుంటే, ఆ పేటవాళ్లు గోడల మీద తమ ముఖాలు గీసుకున్నారు. వీసా కాగితాలు పట్టుకు తిరిగే మాకు ఆ కోపం అర్థమవుతుంది.

2023లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గని ఊరిది. ఒక సందులో చెత్త డబ్బాల వెనక ఒక ఆడమనిషి ముఖం ఉంది. పడమటెండకు పెదవుల ఎరుపు పూర్తిగా ఎగిరిపోయింది. చెట్టు నీడ పడే చెంప మాత్రం నిన్న వేసినట్టుంది. ఎండతో పేచీ లేదు, గీసినవాళ్లకు తెలిసిందే. నా పేచీ అపార్ట్‌మెంట్లతో. పక్కనున్న పార్కింగ్ స్థలంలో ఐదంతస్తులు లేస్తే బొమ్మ ఉన్న గోడ ఉన్నచోటే ఉంటుంది, చూసే దారే ఉండదు. కూల్చేస్తే అదీ లేదు. 1990 నాటి అమెరికా కేంద్ర చట్టం బొమ్మను పాడుచెయ్యకుండా అడ్డుకునేందుకు చిత్రకారులకు కొంత హక్కు ఇచ్చింది గానీ, గోడ మీద గీసేముందు ఆ హక్కు వదులుకుంటూ సంతకం పెడితే ఇక యజమాని ఇష్టం. గోడ దొరకడమే గొప్ప అనుకునే కుర్రాడు పెట్టక ఏం చేస్తాడు?

ఇళ్లు కట్టొద్దని అనడం లేదు. ఊరికి ఇళ్లు కావాలి. కూల్చివేత పర్మిట్ ఫారంలో ఒక గడి చేర్చండి చాలు: ఈ గోడ మీద బొమ్మ ఉందా? ఉందంటే గీసినవారికి కబురు వెళ్లాలి, మంచి ఫొటో తీసి నగర రికార్డుల భాండాగారంలో ఉంచాలి, ఓ నెల గడువు ఇవ్వాలి. ఆ ఒక శాతంలోంచి కొంచెం తీసి, ప్రతి బొమ్మ కింద పేరు, సంవత్సరం ఉన్న చిన్న రేకు కూడా బిగించండి. మా అమ్మ ఆ ముఖం గీసిందెవరని అడిగితే నేను చెప్పలేకపోయాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఒక ఛాండ్లర్ నివాసి