ఫోన్ క్లాసు సంగతులు

తెనాలి,
12-11-2025, బుధవారం.

చిరంజీవి వాసుకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను. తలచుకోవడమే గానీ తెలిసే దారి లేదు, సరే.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది, నా మోకాలు ఎప్పటిలాగే ఉంది. ఫోన్లో టైపు చేద్దామంటే నాలుగు ముక్కలకే వేలు లాగుతుంది, మాట్లాడి పంపుదామంటే పక్కనే నాన్నగారు. నీ ఇంటర్ కెమిస్ట్రీ నోట్సు వెనక తెల్లకాగితాలు బోలెడు మిగిలాయి, వాటి మీద రాస్తున్నాను. ఊరికే, మా ఫోన్ క్లాసు సంగతులు చెబుదామని.

దసరా వెళ్లాక మన వీధి చివర గ్రంథాలయం మేడ మీద మొదలుపెట్టారు. మంగళవారం, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి. పెద్దవాళ్లకే. ఫీజు లేదు, టీ మాత్రం మనదే. టెలిఫోన్ డిపార్టుమెంటులో చేసి రిటైరైన మాష్టారొకాయన, ఇంజనీరింగు చదివే ఇద్దరు ఆడపిల్లలు నేర్పుతారు. మొదటిరోజు పద్నాలుగు మందిమి వెళ్లాం. మూడోరోజుకి తొమ్మిది మందిమి మిగిలాం. సావిత్రమ్మ పిన్ని మానేసింది, కళ్లజోడు మార్చాక వస్తానంది. ఆవిడ కళ్లజోడు సంగతి నీకు తెలిసిందేగా.

నాన్నగారు రానన్నారు. "ముప్పై ఆరేళ్లు రైళ్లు నడిపించాను, నాకు ఫోను నేర్పుతారా" అని. అంటూనే ఏటీఎం పిన్ను తీసుకెళ్లి గోడ క్యాలెండరు మీద రాశారు, పాల లెక్క పక్కన. పాలబ్బాయి రోజూ అక్కడే నిలబడి లెక్క చూసుకుంటాడు. మాష్టారు చెప్పాక పోయినవారం ఆ ముక్క చించేశాను. ఇప్పుడు పిన్ను గుర్తులేదని నా మీద కోపం.

నాన్నగారి పెన్షన్‌కి ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు మాత్రం నేనే చేశాను వాసూ. నవంబరు కదా. ఏటా బ్యాంకులో క్యూ, వేలిముద్ర పడక మూడుసార్లు తిరగడం, ఆ గొడవంతా లేదు. ఫోన్లో ముఖం చూపిస్తే చాలు. ఆయన్ని తులసికోట దగ్గర వెలుతురులో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. తెర మీద ఒక గుండ్రం వస్తుంది, అందులో ముఖం ఉంచి రెప్పలు ఆర్పాలి. ఈయన ఫోటోకి నిలబడ్డట్టు కళ్లు పెద్దవి చేసి ఊపిరి బిగబట్టారు. "రెప్ప వెయ్యండీ" అంటాను, "వేస్తే ఫోటో పాడవుతుందే" అంటారు. నాలుగోసారికి దోమ వచ్చి కంటి మీద వాలింది, అప్పుడు పడింది. బతికే ఉన్నారని మెసేజీ వచ్చింది. అందులోని నంబరు చూసుకుని ఆ రోజంతా ఆయన ముఖంలో ఒకటే వెలుగు. నీకు ఫోటో పెట్టాను. చూశావు. రెండు టిక్కులూ నీలంగా మారాయి. ఏమీ అనలేదు.

పనిలో ఉండుంటావులే.

ఈ నెలలోనే పెన్షన్ ఆఫీసు నుంచి అని ఫోన్ చేసి ఓటీపీలు అడుగుతారట, జాగ్రత్త అన్నారు మాష్టారు. ఆయన చెప్పే తీరు నాకు నచ్చుతుంది. భయపెట్టడు. "డబ్బు మన దగ్గరికి వచ్చేటప్పుడు యూపీఐ పిన్ను అడగదు, వెళ్లేటప్పుడే అడుగుతుంది" అని చెప్పి ఊరుకోకుండా, మా అందరి చేతా పక్కవాళ్లకి రూపాయి పంపించి చూపించాడు. ఆ రూపాయి తిరిగివ్వలేదని సుబ్బారావుగారు ఇప్పటికీ నా వంక అదోలా చూస్తారు. మోసపోతే వెంటనే చెయ్యాల్సిన నంబరు 1930. ఎలా గుర్తుపెట్టుకోవాలంటే, ఉప్పు సత్యాగ్రహం జరిగిన సంవత్సరం అన్నాడు. ఇంక మర్చిపోమన్నా మర్చిపోను. నువ్వూ రాసుకో. నీకు అవసరమని కాదు.

ఇంకోటి కూడా చెప్పాడు. 2017లో పల్లెటూళ్లలో కంప్యూటరు, ఫోను నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం ఒక పథకం పెట్టిందట, వయసు 14 నుంచి 60 అట. అరవై దాటితే అవసరం లేదనుకున్నారు కాబోలు. దొంగలు మాత్రం అరవై దాటినవాళ్లనే వెతుక్కుంటూ వస్తున్నారు.

అసలు ఆ సంగతే చెప్పాలి. నీకు చెప్పకూడదనుకున్నాను. చెబుతాను గానీ కంగారు పడి ఫోన్ చెయ్యకు. అంటే, చెయ్యి, కంగారు పడకుండా చెయ్యి.

కార్తీక పౌర్ణమి మర్నాడు, గురువారం. ముందురోజు మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించి, నడుము పట్టేసి, వంట ఆలస్యమైంది. పదకొండవుతుంది. పప్పు పొయ్యి మీద ఉంది. వాట్సాప్‌లో ఫోను. ఫోటోలో పోలీసు టోపీ పెట్టుకున్నాయన ఉన్నాడు. కళ్లజోడు లేదు, నంబరు చూడలేదు. తర్వాత చూస్తే 92తో మొదలైంది. మన దేశానిది 91 అని క్లాసులో రాసుకున్నదాన్ని నేనే. "వాసు మీ అబ్బాయేనా" అన్నాడు. ఆ పేరు వినగానే నా కాళ్లు ఆగిపోయాయి. సగం తెలుగు, సగం హిందీ. నువ్వు స్నేహితులతో ఏదో మత్తుమందుల కేసులో దొరికావట. ఇంకా కాగితం రాయలేదట, పేపరువాళ్లకి తెలియకముందే ఎనభై వేలు పంపితే వదిలేస్తారట. "మీవాడితో మాట్లాడండి" అని ఇచ్చాడు. ఎవరో ఏడుస్తున్నారు. "మమ్మీ, మమ్మీ, నన్ను తీసుకెళ్లు మమ్మీ."

నువ్వు పుట్టిన ముప్పై ఒక్కేళ్లలో నన్ను ఒక్కసారీ మమ్మీ అనలేదు. కాన్వెంటులో టీచరు అనిపించబోతే ఇంటికొచ్చి "మమ్మీ అంటే శవం కదమ్మా" అన్నావు, ఫస్టు క్లాసులో. అది నాకు తెలుసు కదా. తెలిసి కూడా బీరువా దగ్గరికి వెళ్లాను రా. పాస్‌బుక్ తీశాను. ఎందుకంటే, తొమ్మిది రోజులుగా నీ గొంతు విననే లేదు. మొంథా తుపాను రాత్రి "అంతా ఓకేనా" అని ఒక్క మెసేజీ పెట్టావు, అంతే. అంత దూరాన ఇన్నేళ్లు ఉన్నాడు, మారాడేమో, ఇప్పుడు మమ్మీ అంటున్నాడేమో అనుకున్నాను. చూడు ఎంత వెర్రిదాన్నో. పప్పు మాడిన వాసన వస్తోంది, కదలను. నాన్నగారు వరండాలో పేపరు చదువుతున్నారు, ఆయనకి చెప్పలేదు. చెబితే ఏమవుతుందోనని. వాళ్లకి కావలసిందీ అదేనట, ఎవరికీ చెప్పకుండా ఉండడం.

బీరువా తలుపు లోపలివైపు ఆ పిల్లలు ఇచ్చిన కాగితం అంటించి ఉంది. పెద్ద అక్షరాలు. "ఆగండి. ఫోన్ పెట్టేయండి. మీరే తిరిగి మీవాళ్లకు చేయండి." పోయినేడాది అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియోలో ఇదేగా చెప్పింది, ఆగు, ఆలోచించు, తర్వాత చెయ్యి అని. ఫోన్లోనే అరెస్టు చేశామంటారే, ఆ డిజిటల్ అరెస్టు అనేదే చట్టంలో లేదని. విన్నప్పుడు తల ఊపాను. ఆ నిమిషంలో ఒక్కటీ గుర్తురాలేదు, ఆ కాగితం లేకపోతే. అప్పుడు అడిగాను, "నాన్నా, మన పాత ఇంటి దగ్గర కుక్క పేరేంటి?" అని. ఏడుపు ఠక్కున ఆగింది. "టామీ మమ్మీ" అన్నాడు. వీరయ్యని పట్టుకుని టామీ అంటాడా! నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అనరాని మాటొకటి అనేసి పెట్టేశాను.

పెట్టేశాక చేతులు వణకడం మొదలైంది. అప్పుడు నీకు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. సుధకి చేశాను. అది ఫోను చూసి, "వాసుకేం పిన్నీ, పది నిమిషాల కిందట కూడా ఆన్‌లైన్లో ఉన్నాడు, లాస్ట్ సీన్ కనపడుతోందిగా" అంది. అంటే చివరిసారి వాట్సాప్ ఎప్పుడు తెరిచావో అని. నాకు కనపడట్లేదని చెప్పలేదు దానికి. సాయంత్రం నీ మెసేజీ వచ్చింది, "బిజీ అమ్మా, చేస్తా" అని. పక్కన బొటనవేలు బొమ్మ.

శుక్రవారం క్లాసులో అందరికీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ నంబరు మీద మాష్టారు సంచార్ సాథీలో, అదే ప్రభుత్వం వాళ్ల సైటులో, ఫిర్యాదు పెట్టించాడు. ఇంట్లోవాళ్లంతా కలిసి ఒక రహస్యపు ప్రశ్న పెట్టుకోవాలన్నాడు. మనకి వీరయ్య చాలు. ఎవరికీ చెప్పకు.

ఆదివారం సుధ వచ్చింది, పిల్లల్ని తీసుకుని. దాని ఫోన్లో చూశాను, అడిగి కాదులే, చూశాను. నీ పేరు కింద ఆ రోజు తెల్లవారుజాము 1:40 అని ఉంది. నా ఫోన్లో నీ పేరు కింద ఏమీ లేదు. నిన్న క్లాసులో ఆ చిన్నపిల్లని పక్కకి పిలిచి అడిగాను, మా పక్కింటావిడకి సందేహమట అని. సెట్టింగుల్లో ఫలానావాళ్లకి తప్ప మిగతా అందరికీ కనపడేలా పెట్టుకోవచ్చట. ఆ పిల్ల నా వంక చూసి, "చాలామంది పెడతారు ఆంటీ, ఏం కాదు" అంది. మంచిపిల్ల. టీ కూడా తనే తెచ్చిచ్చింది.

నేనేం అనట్లేదు. ఎవరి ఫోను వాళ్లిష్టం, ప్రైవసీ గురించి మాకూ పాఠం చెప్పారు. రాత్రి రెండింటిదాకా మేలుకుంటే కళ్లు ఏమవుతాయి అని మాత్రం అడుగుతున్నాను. మీ పెదనాన్నది అదే వరస, నలభైకే షుగరు.

ఇంకో పాఠం. ఇది ఊరికే చెబుతున్నాను, నీకని కాదు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా రిజిస్ట్రేషన్ అనో, లాప్‌టాప్ డిపాజిట్ అనో డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. టెలిగ్రామ్‌లో హోటళ్లకి స్టార్లు పెడితే రోజుకింత అంటారు, మొదట రెండుసార్లు ఇస్తారు కూడా, తర్వాత మన దగ్గరే గుంజుతారు. అర్జంటుగా అప్పు ఇచ్చే యాప్‌ల జోలికి అసలు వెళ్లకు. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ లాక్కుని బంధువులందరికీ ఫోటోలు పంపుతారట. పోయినేడాది విశాఖ వైపు కుర్రాళ్లని డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్లి ఏం చేశారో చదివావుగా, నాకొచ్చినలాంటి ఫోన్లు వాళ్లచేత చేయించారు. మమ్మీ మమ్మీ అన్నవాడు కూడా ఎవరి పిల్లాడో. చదువుకున్నవాళ్లే, ఉన్నట్టుండి చేతిలో పని పోయేసరికి ఎవరు ఏం చెప్పినా నమ్ముతారు. అది వాళ్ల తప్పని నేననను.

సుధ వాళ్లాయన ఏదో అన్నాడు, మీ కంపెనీలో జనాన్ని తగ్గిస్తున్నారని. అక్కడెవరో చెప్పారట. నేను నమ్మలేదు. నువ్వైతే నాకు చెప్పకుండా ఉంటావా అన్నాను.

వాసూ, ఫ్లాటు వాయిదా ఎంతో నాకు తెలుసు. నాన్నగారి డిపాజిట్టు ఒకటి మార్చిలో వస్తుంది. ఆయనే అన్నారు, "అది మళ్లీ వెయ్యొద్దులే, చేతిలో ఉండనీ" అని. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోను ఛార్జింగుకి పెట్టి, పక్కనున్న బటన్ నొక్కి సౌండు ఉందో లేదో చూసి పడుకుంటున్నారు. క్లాసుకి రానన్నాయన ఆ బటన్ ఎక్కడ నేర్చుకున్నారో. రావాలనిపిస్తే సంక్రాంతి దాకా ఆగక్కర్లేదు. మేడ మీద గదికి దోమతెర మార్పించాను. ఎన్నాళ్లున్నావని ఎవరైనా అడిగితే ఇంటి నుంచే పని అని చెప్పేద్దాం. ఇప్పుడు అందరి పిల్లలూ అలాగేగా.

సున్నుండలు చేశాను, డబ్బా విడిగా పంపిస్తాను. నెయ్యి తక్కువైందంటున్నారు నాన్నగారు. మీ గదిలో చీమలుంటాయి, నీళ్లపళ్లెంలో పెట్టు. వాట్సాప్‌లో పెళ్లిపత్రిక అని ఏపీకే ఫైలు, అంటే తెరిస్తే ఫోన్లో యాప్ ఎక్కించేది, ఏదైనా వస్తే తెరవకు, ఎవరు పంపినా సరే. రెండంచెల పిన్ను పెట్టుకున్నావా లేదా? నేను పెట్టుకున్నాను.

పోస్టాఫీసులో కనుక్కున్నాను. రిజిస్టర్ పోస్టుని ఈమధ్య స్పీడ్ పోస్టులో కలిపేశారట. ఇంకొంచెం కడితే నీ ఫోనుకి ఓటీపీ వస్తుందట, అది చెబితేనే ఉత్తరం ఇస్తారు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని క్లాసులో పదిసార్లు రాసుకున్నాను. పోస్ట్‌మాన్‌కి మాత్రం చెప్పు. అడ్రసు పాతదే వేస్తున్నాను. అక్కడే ఉన్నావు కదా?

ఉంటాను.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క. ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. మనం ఎవరికి దాస్తే వాళ్లది మనకీ కనపడదట. అంటే నేను ఎప్పుడు పడుకుంటున్నానో నీకూ తెలియదన్నమాట. అందుకని రాస్తున్నాను. నిన్నటిది 2:10.