2022 మే నెల ఓడ ట్రిప్పు, మాస్కు పంచాయితీ: మా ట్రావెల్స్ షాపు నిర్ణయం

ముంబై–గోవా ఓడ ట్రిప్పుకు మా దగ్గర పేర్లు రాయించుకున్న వాళ్లకు, రాయించుకుందామా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్న వాళ్లకు నమస్కారం.

కరోనా మాస్కు గురించి కొన్ని రోజులుగా షాపుకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే మాట. "అమెరికాలోనే మాస్కులు తీసేసినారంట, మనకేమొచ్చిందన్నా ఇంకా?" మిగతా సగం దీనికి పూర్తిగా ఎదురు. "మాస్కు లేనోళ్లతో ఒకే ఓడలో అంటే మా అమ్మను పంపలేము సార్." రెండు వైపులా మా పాత కస్టమర్లే. శిరిడీకి, కాశీకి మాతో కలిసి వచ్చి, ఒకే బస్సులో పులిహోర పంచుకున్నవాళ్లే. ఫోన్‌లో ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి చెప్పే తెలివి మాకు లేదు, అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నాం.

ముందు ఆ అమెరికా వార్త సంగతి. వార్త నిజమే. విమానాలు, రైళ్లు, బస్సుల్లో మాస్కు తప్పనిసరి అంటూ అక్కడి రోగాల నివారణ సంస్థ సీడీసీ 2021 ఫిబ్రవరి నుంచి అమలు చేసిన ఉత్తర్వును ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ జడ్జి 2022 ఏప్రిల్ 18న కొట్టేశారు. కాకపోతే ఆ తీర్పు తేల్చింది వేరే విషయం. అలాంటి ఉత్తర్వు ఇచ్చే అధికారం చట్టప్రకారం సీడీసీకి లేదు, ఇచ్చిన పద్ధతి కూడా సరిగా లేదు అని. అంతేగాని మాస్కు పనిచేయదని కాదు. దాని మీద అక్కడి ప్రభుత్వం అప్పీలుకు కూడా వెళ్లింది. వాట్సాప్‌లో తీర్పు మొదటి లైనే తిరుగుతుంది, రెండో లైను ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మన దగ్గర చూస్తే, విపత్తు చట్టం కింద పెట్టిన ఆంక్షలను కేంద్రం 2022 మార్చి 31తో ఎత్తేసింది, మాస్కు మాత్రం కొనసాగించమంది. విమానంలో 2022 ఏప్రిల్ నాటికి ఇంకా తప్పనిసరే. మనం హైదరాబాద్ నుంచి ముంబైకి వెళ్లేది విమానంలోనే, కాబట్టి అంతవరకు వాదనే లేదు. వాదనంతా ఓడ ఎక్కాకే.

ఓడ విషయంలో మేం ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఓడంటే నీళ్ల మీద పెళ్లిల్లు. అందరూ ఒకే పందిట్లో తింటారు, ఒకే మెట్ల మీద తిరుగుతారు, నచ్చకపోతే లేచి ఇంటికి పోయే దారి మాత్రం ఉండదు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ గుర్తుందా? సిబ్బందితో కలిపి 3,711 మంది ఉన్న ఆ ఓడలో 700 మందికి పైగా వైరస్ సోకింది. మన దేశం వాళ్లు 138 మంది ఉంటే అందులో 132 మంది సిబ్బందే. ప్రయాణికులను గదుల్లో ఉండమన్నారు. వంట చేసి, ఆ గదుల దాకా భోజనం మోసింది మాత్రం ఇరుకు గదులు పంచుకుని పడుకునే ఆ సిబ్బందే. మాస్కు చర్చలో వాళ్ల మాట ఎవరూ ఎత్తరు. మన పళ్లెంలో వడ్డించేవాళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా మాస్కుతోనే ఉంటే, కౌంటర్ దగ్గర అయిదు నిమిషాలు మనకు కష్టమా?

"జ్వరం చూసే కదా ఎక్కించుకుంటారు" అంటున్నారు కొందరు. అదే ఏడాది మార్చిలో అర్జెంటీనా నుంచి అంటార్కిటికా వైపు బయలుదేరిన ఒక చిన్న ఓడలో అందరికీ జ్వరం చూసే ఎక్కించుకున్నారు. ఎనిమిదో రోజు మొదటి జ్వరం బయటపడింది. అప్పుడు అందరికీ మాస్కులిచ్చి గదుల్లో ఉంచారు. చివరికి పరీక్ష చేస్తే 217 మందిలో 128 మందికి పాజిటివ్, వాళ్లలో నూటికి 81 మందికి ఏ లక్షణమూ లేదు! మాస్కు ఇచ్చినా అంతమందికి వచ్చింది కదా అని మీరు అడగొచ్చు. నిజమే, కానీ ఇచ్చింది ఎప్పుడో చూడండి.

అంత దూరం ఎందుకు, 2022 జనవరిలోనే ముంబై నుంచి గోవా వెళ్లిన ఓడలో ముందు సిబ్బందిలో ఒకరికి పాజిటివ్ వచ్చింది, అందరికీ పరీక్షలు చేస్తే 66 మందికి పాజిటివ్ అని తేలింది. గోవా చూద్దామని వెళ్లినవాళ్లు ఓడలోంచి గోవాను చూసి ముంబైకే తిరిగి వచ్చారు.

అవతలి వైపు మాటల్లోనూ న్యాయం ఉంది. డైనింగ్ హాల్‌లో గంటసేపు మాస్కు తీసి తింటూ, బయట వరండాలో పెట్టుకోవడం వింతే. పై డెక్ మీద సముద్రపు గాలిలో, చుట్టూ ఎవరూ లేనప్పుడు మాస్కు అవసరమని మేమూ అనుకోవడం లేదు. ఫొటోలకు ముఖం కనపడాలి, ఒప్పుకుంటున్నాం. (తిండి మాట వచ్చింది కాబట్టి: ఓడలో ఉగ్గాని బజ్జీ దొరకదు. తర్వాత మమ్మల్ని అనొద్దు.)

అందుకని మా గ్రూపుకు పెట్టుకున్న పద్ధతి ఇది. కర్నూలు నుంచి హైదరాబాద్ ఎయిర్‌పోర్టు దాకా మా బస్సులో, ఓడలో లిఫ్టులు, థియేటర్, భోజనం క్యూలో మాస్కు ఉండాల్సిందే. డెక్ మీద, మీ గదిలో, తినేటప్పుడు మీ ఇష్టం. ఓడ కంపెనీ ఆ రోజుకు ఇంతకన్నా కఠినంగా చెబితే అదే చెల్లుతుంది, చివరి నిమిషంలో మారినా మమ్మల్ని నిలదీయొద్దు. ఎన్95 మాస్కులు మేమే ఇస్తాం. వదులుగా వేలాడే గుడ్డ మాస్కుతో పెద్ద ఉపయోగం లేదు. చంటిపిల్లలకు, ఆయాసం ఉన్నవాళ్లకు బలవంతం లేదు.

ఇక డబ్బు. ఈ నియమం పెడితే కొందరు తప్పుకుంటారని తెలిసే పెడుతున్నాం. గ్రూపు తగ్గితే గ్రూపు రేటు పోతుంది, బస్సు అద్దె మాత్రం తగ్గదు. ఆ తేడా వచ్చేవాళ్ల మీద వేయం, మా లాభంలోంచి పోతుంది. మాదేమీ ధర్మసత్రం కాదు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలోనే ఎక్కువ కేసులు మన కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు షట్టర్ దించిన షాపు ఇది. ఆ నవంబరులో తుంగభద్ర పుష్కరాలైనా ఆదుకుంటాయనుకుంటే, నదిలో మునక లేదు, ఘాట్లలో జల్లు స్నానాలే అన్నారు, బస్సులు అడిగినవాళ్లు వెనక్కి తగ్గారు. ఇంకో ట్రిప్పు మధ్యలో ఆగిపోతే తట్టుకునే ఓపిక మాకు లేదు. ఒక్కరికి పాజిటివ్ వస్తే ఆ ఇంటిల్లిపాదీ గదికే పరిమితం, అర్ధరాత్రి ఫోన్ వచ్చేది మాకు.

మాస్కు ఇష్టం లేక మానుకునేవాళ్లకు మా సర్వీస్ చార్జీ మొత్తం తిరిగిస్తాం. ఓడ టికెట్ మీద కంపెనీ ఎంత కోసుకుంటే అంత పోతుంది, ఆ రసీదు మీ చేతికే ఇస్తాం. విమానం టికెట్‌దీ అదే లెక్క.

నంద్యాల వాళ్లు 2022 ఏప్రిల్ నుంచి వేరే జిల్లా అయ్యారు గానీ, బస్సు మాత్రం మీ ఊరి నుంచే మొదలవుతుంది, అందులో మార్పు లేదు. వస్తారో లేదో ఈ ఆదివారం లోపు షాపుకు ఫోన్ చేసి చెప్పండి, సోమవారం పొద్దున ఓడ కంపెనీకి పేర్లు పంపాలి.