గేటు దగ్గర కెమెరా, ఎర్ర అట్ట రిజిస్టర్

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం మీటింగ్ పదకొండుకు మొదలై ఒంటిగంటకల్లా అయిపోవాలి. రెండున్నర దాటింది. ఆకలేసి పిల్లలు కారిడార్లో గోల చేస్తున్నారు. మా ఆయమ్మ మజ్జిగ కుండ మూడుసార్లు నింపింది. ఇరవై ఏళ్లకు పైగా ఈ బెంగళూరులో బడి పనిలో ఉన్నాను, ఫీజుల మీద కూడా ఇంతసేపు వాదన జరగలేదు. ఈసారి గొడవ హాజరు కెమెరా, చాట్‌జీపీటీల మీద. రాలేకపోయినవాళ్లు వాట్సాప్‌లో తలో ముక్కా విని సోమవారం పొద్దున్నుంచి నాకు ఫోన్లు. "పిల్లల ఫోటోలు ఎవరికో అమ్మేస్తున్నారట కదా మేడమ్" అని ఒకరు. "మన బడి ఎప్పటికీ సుద్దముక్కల కాలంలోనే ఉండిపోతుందా" అని ఇంకొకరు. రెండూ నిజం కాదు. అందుకే ఈ నెల స్పోర్ట్స్ డే ఫోటోలను వెనక పేజీకి పంపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

జరిగింది ఇదీ. ఒక కంపెనీవాళ్లు వచ్చారు. గేటు దగ్గర కెమెరా పెడతాం, పాప నడుచుకుంటూ లోపలికొస్తే చాలు, ముఖం గుర్తుపట్టి హాజరు పడిపోతుంది, ఆ క్షణమే ఇంటికి మెసేజ్ వెళ్తుంది అన్నారు. మొదటి ఏడాది డబ్బులు అక్కర్లేదన్నారు. దాచుకోవడమెందుకు, నాకూ బాగానే అనిపించింది. రోజూ మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు "ప్రెజెంట్ మిస్"లకే పోతాయి. మీ మాట కూడా విందామని మీటింగ్‌లో పెట్టాను.

మొదట లేచింది ఒక తాతగారు. మూడో తరగతి పాప తాతయ్య. "పాప బడికొచ్చిందో లేదో పంతులమ్మకు తెలుసు. ముఖం కొలతలు దాచుకోవడం దేనికమ్మా?" అన్నారు. వెనక వరసలో కొందరు నవ్వారు. నవ్వినవాళ్లలో ఒకాయన, మారతహళ్లి వైపు పెద్ద ఆఫీసులో పని చేస్తారు, "మా ఆఫీసులో ఎప్పట్నుంచో ఇదే సార్, ఏమీ కాలేదు" అన్నారు. సరే, వయసు తేడా అనుకున్నాను. నా అంచనా తప్పింది. ఆ తర్వాత లేచిన ఒక అమ్మ కూడా సాఫ్ట్‌వేరే. ఆవిడ నెమ్మదిగా మూడే ప్రశ్నలు అడిగారు. ఆ సర్వర్ ఎక్కడుంటుంది? మా అబ్బాయి టీసీ తీసుకుని వెళ్లిపోయాక ఆ లెక్క చెరిపేస్తారా? మొదటి ఏడాది ఉచితమంటే రెండో ఏడాది మీకు డబ్బులు ఎక్కణ్నుంచి వస్తాయి? కంపెనీ అబ్బాయి మొదటి ప్రశ్నకు "క్లౌడ్‌లో మేడమ్" అన్నాడు. మిగతా రెంటికీ ఆఫీసులో కనుక్కుని చెబుతానన్నాడు. ఇవాళ్టిదాకా చెప్పలేదు.

అక్కడితో అయిపోయేదే. కానీ కె.ఆర్.పురం నుంచి వచ్చిన ఒక నాన్న లేచారు. ఆటో నడుపుతారు. వాళ్ల పాప రెండు బస్సులు మారి బీఎంటీసీ సిటీ బస్సుల్లో ఒక్కతే వస్తుంది. "నాకు ఈ సర్వర్లూ అవీ తెలియవు మేడమ్. పాప ఏడున్నరకు బస్సెక్కితే, సాయంత్రం ఇంటికొచ్చేదాకా నాకు టెన్షనే. లోపలికొచ్చిందని ఒక్క మెసేజ్ వస్తే చాలు, మీరు ఏ కెమెరా పెట్టినా నాకు ఓకే" అన్నారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. నేను రాత్రి ఇంటికెళ్లాక ఎక్కువసేపు ఆలోచించింది ఈయన మాట గురించే.

నా నిర్ణయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కెమెరా పెట్టడం లేదు. ఎర్ర అట్ట రిజిస్టరే కొనసాగుతుంది. అయితే ఆ నాన్న అడిగింది న్యాయమైన కోరిక. దానికి ముఖం కొలతలు అక్కర్లేదు. క్లాస్ టీచర్ తొమ్మిదికి హాజరు వేసి చీటీ ఆఫీసుకు పంపుతారు, తొమ్మిదింపావుకల్లా రానివాళ్ల ఇంటికి మెసేజ్ వెళ్తుంది. సొంతంగా బస్సుల్లో వచ్చే పిల్లలకు మాత్రం, వచ్చినా మెసేజ్ వెళ్తుంది. ఆఫీసులో గుమాస్తాకు రోజుకు పావుగంట పని పెరుగుతుంది. అతను ఒప్పుకున్నాడు, కాస్త సణిగి.

ఇక కారణాలు. ఏటీఎం పిన్ ఎవరికైనా తెలిసిపోతే మార్చుకుంటాం. ముఖం మార్చుకోలేం. కెమెరా దాచేది మామూలు ఫోటో అనుకోవద్దు, కళ్ల మధ్య దూరం లాంటి ఆనవాళ్లన్నీ కలిపి అంకెల వరసగా మార్చి పెట్టుకుంటుంది. స్వీడన్‌లో షెలెఫ్తియో అనే ఊళ్లో ఒక హైస్కూలు 22 మంది పిల్లలతో సరిగ్గా ఇదే ప్రయోగం చేసింది. హాజరుకు పోయే సమయం మిగులుతుందని. 2019లో అక్కడి డేటా రక్షణ సంస్థ 2 లక్షల క్రోనర్ల జరిమానా వేసింది. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాం కదా అని బడివాళ్లు అన్నారు. బడి అడిగితే ఇంట్లోవాళ్లు కాదనలేరు, కాబట్టి ఆ అనుమతి చెల్లదు అన్నది సంస్థ. ఇది చదివినప్పుడు నాకు మన అడ్మిషన్ ఫారాలు గుర్తొచ్చాయి. ఎనిమిదో పేజీలో నేను వేలు పెట్టి చూపించినచోట మీరందరూ సంతకం పెట్టారు, ఒక్కరు కూడా చదవలేదు. మన దేశంలో 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్ల లోపువాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. అనుమతి అంటే ఎనిమిదో పేజీ సంతకం కాకూడదని నా అభిప్రాయం. ఆ ఫారం వచ్చే ఏడాదికి మారుస్తున్నాను.

ఇదంతా మీకు అతిజాగ్రత్తగా అనిపిస్తే, మన గేటు ఎదురుగా ఉన్న కూరగాయల బండి దగ్గరికి రండి. ఆ అక్కను మీలో చాలామందికి తెలుసు, కొత్తిమీర కొసరు వేస్తుంది. కరోనా రోజుల్లోనే క్యూఆర్ కోడ్ పెట్టుకుంది, తర్వాత డబ్బులు పడ్డాయని గట్టిగా చెప్పే డబ్బా కూడా కొనుక్కుంది. 2025 జులైలో ఒకరోజు చూస్తే క్యూఆర్ కోడ్ మీద అట్టముక్క అంటించి ఉంది. నో యూపీఐ, ఓన్లీ క్యాష్. మన పిల్లలు నా దగ్గరికొచ్చి, "మిస్, ఆ ఆంటీకి టెక్నాలజీ అంటే భయమా?" అని అడిగారు.

భయమైతే మొదట్లోనే పెట్టుకునేది కాదు. ఆ నెల కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ, యూపీఐలో నాలుగేళ్లుగా పడిన డబ్బుల లెక్క చూసి చిన్న చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. సరుకులు అమ్మితే ఏడాదికి 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలన్నది రూల్. పాలూ కూరగాయల్లాంటి పన్ను లేని సరుకులమ్మేవాళ్లకు కూడా నోటీసులు అందాయి. ఊరంతా అట్టముక్కలు వెలిశాయి, బంద్ పిలుపు కూడా వచ్చింది. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులను పిలిచి మాట్లాడి, పాత బకాయిలు వసూలు చేయబోమని చెప్పాకగానీ సద్దుమణగలేదు. మన అక్కకు నోటీసు రాలేదు. పక్క వీధి బేకరీకి వచ్చిందని విని అంటించేసింది. పన్ను కట్టాలా వద్దా అన్నది వేరే సంగతి, అందులోకి నేను పోను. ఆమె ఫోన్లో డబ్బులు తీసుకున్నది చిల్లర బాధ పడలేక. ఆ లెక్క తన మీదికే వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తాతగారు అడిగిందీ ఇదే కదా. హాజరు కోసం తీసిన కొలత రేపు ఇంకెవరి చేతిలో ఉంటుంది, దేనికి వాడతారు?

నాకు ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. మా నాన్న అనంతపురం జిల్లాలో ఒక బ్యాంకులో క్లర్కు. 1980ల్లో చొక్కాకు నల్ల బ్యాడ్జీ పెట్టుకుని బ్రాంచి ముందు నిలబడి, కంప్యూటర్లు వద్దని నినాదాలు ఇచ్చినవాళ్లలో ఆయనా ఒకరు. యంత్రాలు ఎక్కడ, ఎంతమేరకు పెట్టాలన్న దాని మీద 1983లో యూనియన్లూ బ్యాంకుల సంఘమూ ఒప్పందం రాసుకున్నాయి, మరుసటి ఏడాది బ్యాంకుల్లో కంప్యూటర్ల గురించి రిజర్వ్ బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది, ఆ తర్వాత మెల్లగా ఒక్కో బ్రాంచికీ కంప్యూటర్ పెట్టెలు దిగాయి. నాన్న ఉద్యోగం పోలేదు. యాభై దాటాక రెండు వేళ్లతో టైపు కొట్టడం నేర్చుకున్నారు. కానీ చాలాకాలం వడ్డీ చేత్తో కట్టి, కంప్యూటర్ లెక్కతో పోల్చి చూసుకునేవారు. ఒకసారి పన్నెండు పైసలు తేడా వచ్చిందని ఆ రోజంతా పండగ చేసుకున్నారు. (తప్పు ఆయనదేనని తర్వాత తేలింది. ఆ సంగతి అమ్మ చెప్పింది, ఆయన చెప్పలేదు.)

ఈ కథ విన్నవాళ్లు "చూశారా, అనవసరంగా భయపడ్డారు" అంటారు. నేను అలా అనలేను. నాన్న రిటైరయ్యాక ఆ సీట్లోకి ఎవరూ రాలేదు, పక్క సీటూ అంతే. ఆయన భయపడింది జరిగింది, తనకు కాదు, తన వెనక రావాల్సినవాళ్లకు. అదే రోజుల్లో, 1985లో, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా కంపెనీ బెంగళూరులో ఆఫీసు తెరిచింది. మీలో చాలామంది అనంతపురం, చిత్తూరు, కడపల నుంచి ఇక్కడికి వచ్చింది ఆ దారి వెంబడే. రెండూ నిజమే.

మీటింగ్‌లో రెండో గొడవ చాట్‌జీపీటీ గురించి. ఒక నాన్న, ఇప్పట్నుంచే నేర్పకపోతే పిల్లలు వెనకబడిపోతారన్నారు. ఆయన పక్కనే కూర్చున్న ఒక అమ్మ, కస్టమర్ సపోర్ట్‌లో ఆమె చేసే పనిని దానికే అప్పగించి తనను ఇంటికి పంపించారని చెప్పారు. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నా తప్పు ముందు ఒప్పుకుంటాను. 2022 నవంబర్ 30న అది జనంలోకి వచ్చింది. 2023 జనవరిలో న్యూయార్క్ నగరం తన బడుల్లో నిషేధించిందని పేపర్లో చదివి నేనూ ఒక సర్క్యులర్ ఇచ్చాను. న్యూయార్క్ మే నెలకల్లా మనసు మార్చుకుంది. నేను మార్చుకోలేదు, ఆ సర్క్యులర్ నోటీసు బోర్డు మీద వెలిసిపోయి రాలిపోయేదాకా ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చాట్‌జీపీటీతో రాసింది పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఏదైనా కొనమన్నారు మా టీచర్లు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే, తాను చేసిన అలాంటి సాధనాన్ని 2023 జులైలో, సరిగ్గా గుర్తుపట్టలేకపోతోందని వెనక్కి తీసుకుంది. తయారుచేసినవాళ్లకే దొరకంది, ఏడో తరగతి తెలుగు వ్యాసంలో మనకు దొరుకుతుందా?

దొరికింది, నిజానికి. సంక్రాంతి సెలవులయ్యాక "మా ఊరి సంక్రాంతి" రాయమంటే ఒక అబ్బాయి రెండు పేజీలు రాసుకొచ్చాడు. ఒక్క అక్షరదోషం లేదు. "సముద్రతీరం నుండి వీచే చల్లని గాలుల నడుమ, కొబ్బరి తోటల నీడన, అమ్మమ్మ వండే బొబ్బట్ల సువాసన" అని మొదలు. తెలుగు టీచర్ ఆ కాగితం పట్టుకుని నా గదికొచ్చి కుర్చీలో కూలబడి నవ్వారు. వాళ్ల అమ్మమ్మగారిది హిందూపురం పక్కన పల్లె. వాణ్ని పిలిచి, "మీ ఊళ్లో సముద్రం ఎటువైపురా?" అని అడిగాను. కాసేపు నేల చూశాడు. "సముద్రం లేదు మిస్. చెరువుంది. అందులోనూ నీళ్లుండవు" అన్నాడు. బొబ్బట్లు అంటే ఏమిట్రా అంటే తెలియదన్నాడు. వాళ్లింట్లో ఓళిగలంటారు. ఆ తర్వాత ఆపకుండా పది నిమిషాలు చెప్పాడు. తాత చలిమంటలో శెనక్కాయలు కాల్చి ఇవ్వడం, మేకపిల్ల వీడి కొత్త చొక్కా నమిలేయడం, అమ్మమ్మ ఆ చొక్కాకే అతుకేసి మళ్లీ తొడగడం. ఇది రాయొచ్చు కదరా అంటే, "ఇదంతా మామూలే కదా మిస్" అన్నాడు.

మళ్లీ రాయించాం. ఎనిమిది వాక్యాలు, ఐదు తప్పులు. కారిడార్ బోర్డు మీద ఉంది, వచ్చినప్పుడు చదవండి.

కాబట్టి ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు బడి పని ఏదీ చాట్‌బాట్‌తో చేయనివ్వం. 13 ఏళ్ల లోపువాళ్లు వాడకూడదని ఓపెన్‌ఏఐ షరతుల్లోనే ఉంది, మన ఏడో తరగతిలో చాలామందికి 12 ఏళ్లే. ఎనిమిది నుంచి పైవాళ్లకు వారానికి ఒక పీరియడ్ ల్యాబ్‌లో టీచర్ పక్కన కూర్చుని. మొదటి పాఠం ఆ సముద్రం వ్యాసమే, అబ్బాయి పేరు తీసేసి, వాడి అనుమతితో. చాట్‌బాట్ ఎక్కడ తప్పు చెప్పిందో, అంత ధీమాగా ఎందుకు చెప్పిందో పిల్లలే పట్టుకోవాలి. వ్యాసాల చిత్తుప్రతి అందరూ క్లాసులోనే చేత్తో రాస్తారు. ఇంట్లో వాడనివ్వాలా లేదా అన్నది మీ ఇష్టం. ఒక్క మనవి, హోంవర్క్ మీరు దానితో చేయించి పిల్లల చేత ఎక్కించకండి. గత నెల మూడు ప్రాజెక్టులు ఒకే తప్పుతో వచ్చాయి, ముగ్గురు అమ్మలూ ఒకే అపార్ట్‌మెంట్.

హాజరు మెసేజ్‌లు వచ్చే సోమవారం నుంచి మొదలు. ఫోన్ నంబర్ మారినవాళ్లు శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు చీటీ రాసి పంపండి. వాట్సాప్‌లో వద్దు, కాగితం మీద. సొంతంగా బస్సులో వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఏ స్టాపులో ఎక్కుతారో కూడా రాయండి. కంపెనీ నుంచి ఆ రెండు ప్రశ్నలకు జవాబొస్తే, ఏదైనా సరే, నోటీసు బోర్డు మీద పెడతాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు